గీత తప్పితే అర్థం తప్పుతుంది
కంప్యూటరు చిత్రాలలో హ్యాచింగ్, కాగితంపై దాని కష్టాలు

ఇంజనీరింగు చిత్రాన్ని గీసేవారు ఒకచోట ఉంటారు. దానిని చదివి పని చేసేవారు మరొకచోట ఉంటారు. డ్రాయింగు ఆఫీసులోని డిజైనరుకు, షాపులోని ఫిట్టరుకు, సైటులోని మేస్త్రీకి నడుమ జరిగే సంభాషణ అంతా ఆ కాగితం మీదనే సాగుతుంది. కాగితం మీద లేని మాట ఫిట్టరుకు వినపడదు. కాగితం మీద తప్పుగా పడిన మాటను ఊహించి సరిదిద్దుకొని చదవడం అతని బాధ్యత కాదు. ఈ సంభాషణలో అతి తక్కువ స్థలంలో ఎక్కువ అర్థాన్ని మోసేవి హ్యాచింగ్ గీతలు. వస్తువును కోసి చూపిన భాగంలో ఏటవాలుగా, సమదూరంలో నింపే సన్నని గీతలకే హ్యాచింగ్ అని పేరు.

మా డ్రాయింగు విభాగానికి వచ్చే ఫిర్యాదులలో ఈ గీతలకు సంబంధించినవి తరచుగా ఉంటాయి. "తెర మీద చక్కగా ఉంది, ప్రింటులో నల్లని ముద్ద అయింది" అని ఒకరంటారు. "తెర మీద ఉన్న గీతలు కాగితం మీద అసలే లేవు" అని మరొకరంటారు. "నిన్న ఒక యంత్రం మీద సరిగా వచ్చిన చిత్రమే నేడు మరొక యంత్రం మీద వేరుగా వచ్చింది" అని ఇంకొకరంటారు. ఇవన్నీ ప్రింటరు దోషాలని తలచి, ఇంకు మార్చి, కాగితం మార్చి, ఒకే చిత్రాన్ని పదేపదే అచ్చు వేయడం పరిపాటి. నిజానికి వీటిలో పెక్కు సమస్యలకు కారణం ప్రింటరు కాదు. కారణాలు కొద్దిపాటివే, వరుస తెలిస్తే వెదకి పట్టుకోవడం సులభం. ఆ వరుసను సహోద్యోగుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇళ్ళలో ఇంజనీరింగు, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదువుతున్న పిల్లలకు కూడ ఇది ఉపకరించగలదని మా విశ్వాసం.

గీత ఉన్నా అర్థమే, లేకున్నా అర్థమే

ఒక వస్తువు లోపలి భాగాన్ని చూపవలసినపుడు దానిని రంపంతో కోసినట్లు ఊహించి గీస్తాము. దీనినే సెక్షను అంటారు. రంపం తగిలిన ఘనపదార్థంపై హ్యాచింగ్ వేస్తాము. ఖాళీగా ఉన్నచోట, కోతకు వెనుకనున్న చోట వేయము. అనగా గీతలు ఉన్నచోట పదార్థం ఉన్నదని, లేనిచోట రంధ్రమో ఖాళీయో ఉన్నదని చదువరి గ్రహిస్తాడు.

యంత్ర చిత్రాలలో ఈ భాషకు మరికొన్ని నియమాలు ఉన్నాయి. పక్కపక్కన ఆనుకొని ఉన్న రెండు భాగాలకు గీతల దిశను ఎదురెదురుగా వేయాలి, లేదా ఎడం మార్చాలి. ఒకే భాగం ఎన్ని చోట్ల కనబడినా దాని గీతల దిశ, ఎడం ఒకే విధంగా ఉండాలి. షాఫ్టు, బోల్టు, రివెట్టు, కీ వంటి వాటిని పొడవునా కోసినట్లు చూపినపుడు హ్యాచింగ్ వేయరు. గాస్కెట్టు, పలుచని రేకు వంటి సన్నని వస్తువులను పూర్తిగా నల్లగా నింపుతారు. భవన నిర్మాణ చిత్రాలలో ఇటుక పనికి ఒక గుర్తు, కాంక్రీటుకు మరొక గుర్తు, మట్టికి వేరొక గుర్తు ఉంటాయి. మన దేశంలో భవన చిత్రాల పద్ధతులను భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 962 నిర్దేశిస్తుంది. విద్యాసంస్థల కొరకు భారతీయ ప్రమాణాల సంస్థ 1988లో ఎస్.పి. 46 అనే గ్రంథాన్ని వెలువరించింది. పాలిటెక్నిక్‌లో చదివిన వారెవరికైనా ఇది పరిచితమే.

ఇప్పుడు ప్రింటు చెడినపుడు ఏమి జరుగుతుందో ఆలోచించండి. గీతలు కలిసిపోయి నల్లబడితే పోత ఇనుప భాగం గాస్కెట్టులా కనబడవచ్చు. గీతలు రాకపోతే ఘనమైన గోడ బోలుగా కనబడవచ్చు. ఎదురెదురు దిశలు తెలియకుండా పోతే రెండు విడి భాగాలు ఒకే పోతగా తోచవచ్చు. గోడ సెక్షనులో లింటెల్ మీది కాంక్రీటు గుర్తు మాయమైతే అక్కడ కూడ ఇటుక పనే సాగుతున్నదని మేస్త్రీ భావించవచ్చు. మామూలు అచ్చు తప్పు చూడగానే తప్పని తెలిసిపోతుంది. హ్యాచింగ్ తప్పు అట్లా కాదు. అది సక్రమమైన మరొక మాటగా కనబడుతుంది. కనుకనే ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు.

డ్రాయింగు బోర్డు నాడు లేని చిక్కు

డ్రాయింగు బోర్డు, టీ-స్క్వేరు, సెట్‌స్క్వేరు, ట్రేసింగు కాగితం, ఇంకు పెన్నులతో పని చేసిన తరం వారికి ఈ బాధ లేదు. ఆనాటి డ్రాఫ్ట్స్‌మన్ సరాసరి కాగితం మీదనే గీసేవాడు. గీతకూ గీతకూ ఎంత ఎడం ఉండాలో అతని కన్ను, చేయి నిర్ణయించేవి. తాను చూచినదే అమ్మోనియా ప్రింటులో వచ్చేది.

కంప్యూటరులో పని తీరు తలక్రిందులు. ఇక్కడ వస్తువును దాని నిజ పరిమాణంలో గీస్తాము. పది మీటర్ల గోడను పది మీటర్లుగానే గీసి, అచ్చు వేసేటపుడు నూరవ వంతుకు కుదిస్తాము. గోడతో పాటు గీతల నడుమ ఎడం కూడ నూరవ వంతుకు కుదించుకుపోతుంది. తెర మీద దగ్గరకు లాక్కొని చూచినపుడు విశాలంగా కనబడిన ఎడం కాగితం మీద ఎంత మిగులుతుందో గీసేవారికి కనబడదు. పూర్వం కాగితం మొదట ఉండేది. నేడు చివర వస్తుంది. హ్యాచింగ్ చిక్కులలో సగానికి మూలం ఇదే.

మన దేశంలో విరివిగా వాడుకలోకి వచ్చిన ఆటోక్యాడ్ 1982లో వెలువడింది. 1992 నాటి 12వ విడుదలలో, ఒక చుట్టుగీత లోపల ఒక బిందువును చూపితే చాలు, హద్దును తానే వెదకి హ్యాచింగ్ నింపే సౌకర్యం వచ్చింది. 1994 నాటి 13వ విడుదలతో హద్దు మారితే హ్యాచింగ్ కూడ తదనుగుణంగా మారడం మొదలైంది. 1997లో పూర్తిగా నింపే ఘన హ్యాచింగ్ వచ్చింది. 1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000తో గీతల మందాన్ని, ప్రింటులో రంగును నిర్ణయించే ప్లాట్ స్టైల్ పట్టికలు వచ్చాయి. సౌకర్యం పెరిగిన కొద్దీ పొరపాటు దాగే చోట్లు కూడ పెరిగాయి.

పెన్ను ప్లాటర్ల కాలంలో యంత్రం ప్రతి గీతను పెన్నుతో విడివిడిగా గీసేది. హ్యాచింగ్ దట్టమైతే ప్లాటరు ఎంతోసేపు గీస్తూనే ఉండేది, కాగితం ఇంకుకు తడిసిపోయేది. ఆ భయం చేతనైనా గీతలను పలుచగా ఉంచేవారు. నేటి ఇంక్‌జెట్, లేజరు యంత్రాలకు దట్టమైనా పలుచనైనా ఒకటే. తప్పును ఎత్తి చూపే ఆ సహజమైన హెచ్చరిక నేడు లేదు.

తొలి కారణం: స్కేలు

ప్రింటులో గీతలు నల్లబడితే మొదట చూడవలసినది హ్యాచింగ్ స్కేలు. ఇందుకు ఒక చిన్న లెక్క చాలును. ఆటోక్యాడ్‌లో ఎక్కువగా వాడే ఏటవాలు గీతల నమూనా ఏన్సీ 31. మెట్రిక్ నమూనాల ఫైలులో దీని గీతల ఎడం 3.175 మిల్లీమీటర్లు. చిత్రాన్ని మిల్లీమీటర్లలో గీసి, హ్యాచింగ్ స్కేలును 1గా ఉంచి, 1:100 కొలతలో అచ్చు వేశామనుకుందాం. కాగితం మీద ఎడం 0.03175 మిల్లీమీటర్లు అవుతుంది. అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరు వేయగల ఒక్క చుక్క పరిమాణమే సుమారు 0.042 మిల్లీమీటర్లు. రెండు గీతల నడుమ ఒక చుక్కకైనా చోటు లేదు. ఇక కాగితం నల్లబడక ఏమవుతుంది? ఇందులో ప్రింటరు తప్పు ఏమీ లేదు.

మన ఇళ్ళ ముంగిట చుక్కల ముగ్గు వేసే స్త్రీలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. చుక్కల నడుమ ఎడం పిండి గీత మందానికి సరిపోయేంత తక్కువైతే ముగ్గు రూపం మాయమై తెల్లని పూత మిగులుతుంది. ఎడానికి, గీత మందానికి గల నిష్పత్తే ముగ్గును ముగ్గుగా నిలబెడుతుంది. హ్యాచింగ్ విషయం కూడ అంతే.

పై ఉదాహరణలో స్కేలును 100 చేస్తే కాగితం మీద ఎడం తిరిగి 3.175 మిల్లీమీటర్లు అవుతుంది. మిల్లీమీటర్లలో గీసిన చిత్రాలకు, ఈ నమూనా వరకు, అచ్చు కొలతలోని క్రింది సంఖ్యనే హ్యాచింగ్ స్కేలుగా తీసుకొని ఆరంభించవచ్చు. చిన్న భాగాలకు అందులో సగం తీసుకోవచ్చు. అయితే ఒకే షీటు మీద 1:100 ప్లాను, 1:20 వివరం రెండూ ఉన్నపుడు రెండింటికీ ఒకే స్కేలు పనికిరాదు. ప్లానుకు పెట్టిన 100ను వివరానికి కూడ ఉంచితే అక్కడ ఎడం దాదాపు 16 మిల్లీమీటర్లు అవుతుంది. 50 మిల్లీమీటర్ల మందం గల భాగం 1:20లో రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే కనుక, చిన్న ముక్క అయితే దానిలో ఒక్క గీతైనా పడకపోవచ్చు. ఆటోక్యాడ్ 2008 నుండి లభించే అనోటేటివ్ హ్యాచింగ్ ఈ లెక్కను తానే చేస్తుంది. ఎడాన్ని కాగితం కొలతలోనే చెబితే చాలును.

ఎడం ఎంత తగ్గవచ్చు? అంతర్జాతీయ ప్రమాణాల ఐ.ఎస్.ఓ. 128 శ్రేణి ప్రకారం సమాంతర గీతల నడుమ ఎడం సాధారణంగా 0.7 మిల్లీమీటర్ల కంటె తగ్గరాదు. దీనిని మరొక కోణం నుండి కూడ చూడాలి. మనం ఏ-1 కాగితానికి తయారుచేసిన చిత్రాన్ని సైటు వారు ఏ-3కి కుదించి తీసుకుంటారు. పొడవు, వెడల్పు రెండూ సగమవుతాయి. ఏ-1 మీద 0.8 మిల్లీమీటర్ల ఎడంలో 0.25 మిల్లీమీటర్ల గీతలు వేశామనుకుందాం, నడుమ 0.55 మిల్లీమీటర్ల తెలుపు ఉంటుంది. ఏ-3లో ఎడం 0.4 అవుతుంది. గీతల మందాన్ని కూడ కుదించే ఏర్పాటును ప్లాట్ పట్టీలో ఎంచుకోకపోతే గీత 0.25గానే నిలుస్తుంది, తెలుపు 0.15 మాత్రమే మిగులుతుంది. దానిని ఒకసారి ఫొటోకాపీ తీస్తే ఆ తెలుపు కూడ పోతుంది. అందువలన ఏ-1 చిత్రాలలో ఎడం 1.4 మిల్లీమీటర్లకు తగ్గకుండ చూడడం మేలు. సగానికి కుదించినా 0.7 నిలుస్తుంది.

అంగుళాలా, మిల్లీమీటర్లా?

స్కేలు సరిగానే ఉన్నా గీతలు నల్లబడితే నమూనా ఏ ఫైలు నుండి వచ్చినదో చూడాలి. ఆటోక్యాడ్‌లో అంగుళాల నమూనాలకు ఒక ఫైలు, మెట్రిక్ నమూనాలకు ఒక ఫైలు వేరువేరుగా ఉంటాయి. ఏన్సీ 31 ఎడం మొదటిదానిలో 0.125, రెండవదానిలో 3.175. రెండూ ఒకే పొడవు. ఒకటి అంగుళాలలో, మరొకటి మిల్లీమీటర్లలో. మిల్లీమీటర్ల చిత్రంలో అంగుళాల ఫైలును వాడితే గీతలు 25.4 రెట్లు దగ్గరవుతాయి. స్కేలు 100 ఉంచి 1:100లో అచ్చు వేసినా ఎడం 0.125 మిల్లీమీటర్లే, 0.13 మిల్లీమీటర్ల సన్నని గీతకు కూడ అందులో చోటు లేదు.

ఏ ఫైలు వాడాలో నిర్ణయించేది మెజర్‌మెంట్ అనే వ్యవస్థాంకం. అది 0 అయితే అంగుళాలు, 1 అయితే మెట్రిక్. ఇది చిత్రంతో పాటు నిలువ ఉంటుంది. దీనిని మార్చినంత మాత్రాన అప్పటికే వేసిన హ్యాచింగ్ మారదు. తిరిగి దిద్దినపుడు మారుతుంది. ఎవరో పంపిన పాత చిత్రంలో స్వల్పమైన సవరణ చేయగానే గీతలు హఠాత్తుగా దట్టమైపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

మీటర్లలో గీసిన సివిల్ చిత్రాలలో ఇందుకు వ్యతిరేకమైన ఇబ్బంది కలుగుతుంది. అక్కడ స్కేలు 1 అంటే ఎడం 3.175 మీటర్లు, 1:100లో కాగితం మీద దాదాపు 32 మిల్లీమీటర్లు. 230 మిల్లీమీటర్ల గోడ కాగితం మీద 2.3 మిల్లీమీటర్లు మాత్రమే. పొట్టి గోడలలో ఒక్క గీతైనా పడకపోవచ్చు. అక్కడ స్కేలును 0.1 చేయాలి. అట్లే, పేరు ముందు ఏ.ఆర్. అని ఉండే కాంక్రీటు, ఇటుక నమూనాలు వస్తువు నిజ పరిమాణానికి తగినట్లు తయారైనవి. ఏన్సీ 31కు పెట్టిన 100ను వీటికి కూడ పెడితే గుర్తులు భూతాకారం దాల్చి హద్దు దాటిపోతాయి. లోపల ఖాళీ మిగులుతుంది. వీటిని 1తో మొదలుపెట్టి సరిచూచుకోవాలి.

తెర మీద ఉండి, కాగితం మీద లేకపోతే

ఇప్పుడు రెండవ రకం ఫిర్యాదుకు వద్దాం. తెర మీద కనబడిన హ్యాచింగ్ ప్రింటులో రాకపోతే దాని లేయర్‌ను చూడాలి. ప్రతి లేయర్‌కు "అచ్చు వేయవద్దు" అనే ఏర్పాటు ఉంటుంది. అది తెర మీద ఏ తేడా చూపదు. డెఫ్‌పాయింట్స్ అనే లేయర్ మాత్రం ఎన్నడూ అచ్చు కాదు. కొలతలు వేసినపుడు ఆటోక్యాడ్ తానే సృష్టించుకొనే ఈ లేయర్ మీద తెలియక గీసిన హ్యాచింగ్ ఎన్నిసార్లు ప్రయత్నించినా కాగితం మీదకు రాదు.

రెండవది రంగు. ఆటోక్యాడ్‌లో 7వ సంఖ్య రంగు నల్లని తెర మీద తెల్లగా కనబడి, తెల్లని కాగితం మీద నల్లగా పడుతుంది. కొందరు దాని బదులు ట్రూ కలర్ పట్టీ నుండి అసలు తెలుపును ఎంచుకొంటారు. తెర మీద రెండూ ఒకటే. కాగితం మీద మాత్రం రెండవది తెలుపుగానే పడుతుంది, అనగా కనబడదు.

మూడవది ఫిల్‌మోడ్ అనే వ్యవస్థాంకం. ఇది 0 అయితే హ్యాచింగ్ తెర మీద గాని, ప్రింటులో గాని రాదు. అయితే రీజెన్ ఆదేశం ఇచ్చేవరకు తెర మీది పాత రూపమే నిలిచి ఉంటుంది కనుక, ప్రింటరే వదిలివేసినదని భ్రమ కలుగుతుంది. దీనిని 1 చేసి, రీజెన్ ఇచ్చి చూడాలి.

లేయవుట్‌లో ఒక్కొక్క వ్యూపోర్టుకు లేయర్లను విడిగా స్తంభింపజేసే వీలుంది. ఒక సెక్షనులో గీతలు ఉండి మరొక సెక్షనులో లేకుంటే ఈ కోణంలో వెదకాలి.

ప్లాట్ స్టైల్ పట్టిక చేసే చిత్రాలు

ఒక విభాగంలో సరిగా వచ్చి మరొక విభాగంలో మారిపోయే చిత్రాల రహస్యం తరచుగా ప్లాట్ స్టైల్ పట్టికలో ఉంటుంది. సి.టి.బి. అనే ఈ పట్టిక 255 రంగులకు, ఏ రంగు గీత ఎంత మందంతో, ఎంత ముదురుగా, ఏ రంగులో అచ్చు కావాలో చెబుతుంది. ఇది చిత్రంలో అంతర్భాగం కాదు; వేరే ఫైలు. చిత్రాన్ని పంపి పట్టికను పంపకపోతే అవతలివారి యంత్రం తన వద్దనున్న పట్టికతో అచ్చు వేస్తుంది. మన 0.13 మిల్లీమీటర్ల హ్యాచింగ్ అక్కడ 0.35 కావచ్చు.

ఈ పట్టికలో మూడు అంశాలను విడిగా పరిశీలించాలి. మొదటిది స్క్రీనింగ్. ఇది 100 అయితే పూర్తి నలుపు, తగ్గిన కొద్దీ వెలవెలబోతుంది. 20 ఉంచిన గీతలు మొదటి ప్రింటులో హుందాగా కనబడి, ఫొటోకాపీలో అదృశ్యమవుతాయి. రెండవది ఫిల్ స్టైల్. ఇది "వస్తువు తీరునే అనుసరించు" అన్న స్థితిలో ఉండాలి. ఎవరైనా పొరపాటున దీనిని గళ్ళకో అడ్డగీతలకో మార్చి ఉంటే, ఘనంగా నింపిన భాగం ప్రింటులో గళ్ళుగా వస్తుంది. మూడవది గీత మందం. హ్యాచింగ్‌కు ఎన్నడూ హద్దుగీత కంటె సన్నని మందమే ఇవ్వాలి.

ఘన హ్యాచింగ్ క్రింద అంకెలు, సరియా గీతలు మరుగుపడితే వస్తువుల వరుసను చూడాలి. డ్రాఆర్డర్ ఆదేశంతో హ్యాచింగ్‌ను అన్నిటికంటె వెనుకకు పంపితే సరిపోతుంది. 2011 నుండి హ్యాచింగ్‌కు పారదర్శకత ఇచ్చే వీలు ఉన్నది. అయితే ప్లాట్ పట్టీలో పారదర్శకతను కూడ అచ్చు వేయమని విడిగా గుర్తు పెట్టకపోతే, తెర మీద గాజులా ఉన్నది కాగితం మీద గోడలా పడి క్రిందనున్న సమాచారాన్ని కప్పివేస్తుంది.

దూరాన ఉన్న మూలబిందువు

సర్వే ఆధారంగా తయారయ్యే చిత్రాలలో ఒక విచిత్రమైన సమస్య ఉన్నది. గీతలు వంకరగా, తెగిపోయినట్లుగా వస్తాయి, లేదా అసలే రావు. హ్యాచింగ్ నమూనా చిత్రపు మూలబిందువు నుండి లెక్కించబడుతుంది. సర్వే చిత్రాలలో స్థలం ఆ మూలబిందువుకు ఎంతో దూరాన ఉంటుంది. యు.టి.ఎమ్. పద్ధతిలో హైదరాబాదు, విశాఖపట్నం అక్షాంశాల దగ్గర ఉత్తర దూరం 19 లక్షల మీటర్లు దాటుతుంది. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 190 కోట్లకు పైమాట. అంత పెద్ద సంఖ్యలతో అతి చిన్న ఎడాలను లెక్కించేటపుడు సూక్ష్మత దెబ్బతింటుంది. నివారణ సులభం. హెచ్.పి. ఆరిజిన్ ద్వారా హ్యాచింగ్ మూలాన్ని ఆ భాగపు మూలకే తెచ్చి తిరిగి వేయాలి. ఇందుకోసం చిత్రాన్ని జరపరాదు. సర్వే నిర్దేశాంకాలు చెడిపోతే ఆ నష్టం హ్యాచింగ్ దోషం కంటె పెద్దది.

పి.డి.ఎఫ్. వద్ద జాగ్రత్త

నేడు చిత్రాలు చాలవరకు పి.డి.ఎఫ్. రూపంలోనే ప్రయాణిస్తున్నాయి. అక్రోబాట్ వంటి చదివే సాధనాలలో సన్నని గీతలను స్ఫుటం చేసి చూపే ఏర్పాటు ఉంటుంది. దాని వలన తెర మీద హ్యాచింగ్ ఉన్నదానికంటె దట్టంగా తోస్తుంది. ఘనంగా నింపిన భాగాలలో సన్నని తెల్లగీతలు కనబడడం కూడ చాలా సందర్భాలలో తెర వరకే పరిమితం. వీటిని చూచి చిత్రాన్ని దిద్దబోరాదు. కాగితం మీద చూచి నిర్ణయించాలి. అచ్చు వేసేటపుడు "కాగితానికి సరిపడునట్లు" అనే ఏర్పాటును వదలి "నిజ పరిమాణం" ఎంచుకోవాలి. మొదటిది ఎంచుకొంటే హ్యాచింగ్ ఎడమే గాక, చిత్రపు కొలత కూడ మారిపోతుంది.

దట్టమైన హ్యాచింగ్ ఎక్కువగా ఉన్న పెద్ద షీట్లు ప్లాటరు జ్ఞాపకశక్తికి మించిన భారం కావచ్చు. షీటులో కొంత భాగం అచ్చయి మిగిలినది ఖాళీగా రావడం దీనికి చిహ్నం. అప్పుడు గీతలను పలుచన చేయాలి, లేదా బిట్‌మ్యాప్ రూపంలో పంపాలి.

వెదకవలసిన వరుస

ఇన్ని కారణాలు చదివిన పాఠకులకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోవచ్చు. మేము పాటించే వరుస ఇది. మొదట అదే చిత్రాన్ని అదే పట్టికతో పి.డి.ఎఫ్.గా మార్చి చూడాలి. అందులో కూడ దోషం ఉంటే కారణం చిత్రంలోనో, ప్లాట్ ఏర్పాట్లలోనో ఉన్నది. లేకుంటే ప్రింటరు వైపు ఉన్నది. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది.

తరువాత అదే చిత్రంలో ఖాళీ స్థలంలో ఒక చతురస్రం గీసి, కొత్త లేయర్ మీద 7వ రంగుతో ఏన్సీ 31 నింపి, అదే విధంగా అచ్చు వేయాలి. కొత్తది సరిగా వచ్చి పాతది రాకుంటే దోషం పాత హ్యాచింగ్‌లో, లేదా దాని లేయర్‌లో ఉన్నది. రెండూ చెడితే ఫిల్‌మోడ్, మెజర్‌మెంట్, ప్లాట్ స్టైల్ పట్టిక చూడాలి. పాత హ్యాచింగ్‌ను ఎంచుకొని దాని లక్షణాల పట్టీలో లేయరు, రంగు, నమూనా, స్కేలు, పారదర్శకత అనే ఐదింటిని వరుసగా చదవాలి. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే సమస్య తీరినా కారణం తెలియదు. మరునాడు మరొక చిత్రంలో అదే ఎదురవుతుంది.

ఆటోక్యాడ్‌కు బదులు మరొక సాఫ్ట్‌వేరు వాడే విభాగాలలో ఆదేశాల పేర్లు మారవచ్చు. ఎడం, మందం, లేయరు, రంగు, వరుస అనే అంశాలు మాత్రం ఎక్కడైనా ఇవే.

చిత్రాన్ని బయటకు పంపేటపుడు ప్లాట్ స్టైల్ పట్టికను, ప్రత్యేక నమూనాలు వాడి ఉంటే ఆ ఫైళ్ళను జతచేయడం మరువరాదు. ఈ-ట్రాన్స్‌మిట్ ఆదేశం సంబంధిత ఫైళ్ళను ఒకచోట చేర్చడానికి తోడ్పడుతుంది. ఏవేవి చేరాయో ఒకసారి సరిచూచుకోవాలి. చిత్రం మీదనే ఒక మూల, ఏ గుర్తు ఏ పదార్థమో చూపే చిన్న పట్టిక వేస్తే మరింత మేలు. ప్రింటు చెడితే ఆ పట్టికలోని గుర్తు కూడ చెడుతుంది కనుక, చదివేవారికి అనుమానం కలిగి అడుగుతారు. అడిగిన అనుమానం వలన ఎవరికీ నష్టం లేదు. అడగని అనుమానమే కాంక్రీటులో గట్టిపడుతుంది.

చివరగా ఒక మనవి. చిత్రంపై సంతకం చేసే ముందు తెరను గాక, ప్రింటును చేతిలోకి తీసుకోండి. ఏ-1 చిత్రమైతే దాని ఏ-3 ప్రతిని కూడ తీసుకోండి. గీసినవారు కాక మరొకరు దానిని చూచి, ఏ భాగం ఏ పదార్థమో, ఎక్కడ ఒక భాగం ముగిసి మరొకటి మొదలవుతున్నదో పైకి చెప్పాలి. గీసినవారికి చిత్రం ముందే తెలుసు కనుక లేని గీతలు కూడ కనబడతాయి. షాపులోని ఫిట్టరుకు కనబడేది కాగితం మాత్రమే. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. తప్పు ఆ నిమిషాలలో బయటపడితే ఒక కాగితం వృథా అవుతుంది. తరువాత బయటపడితే వృథా అయ్యేది పోత ఇనుము, సిమెంటు, సహోద్యోగుల శ్రమ.